ఫల్గుణ కప్పు విప్పిన ముహూర్తం

డుంబ్రిగుడ రోడ్డు మీద బొంగు చికెన్ అమ్మే ఫల్గుణ, పాకకు రేకులు వేయించే విషయంలో మహా దూరదర్శి. వానల్లో కప్పు విప్పరాదు, చలికాలపు టూరిస్టులను వదులుకోరాదు. అలా ఆలోచిస్తూండగా అయిదేళ్లు కప్పు కారింది. చివరికి, బేరం ఉండదని, మన్యంలో మగాళ్లంతా వేటకు పోయే చైత్రమాసపు ఇటుకల పండగ నాడు తెల్లారే ఊడదీశాడు.

ఆ పండగకు ఆడవాళ్లు రోడ్డుకు దుంగ అడ్డం పెట్టి, ఆడిపాడి, బళ్లవాళ్లను చందా అడుగుతారు. ఈసారి అతని భార్య సోని ఆ దుంగను సరిగ్గా పాక ముందే వేయించింది. పదకొండు కార్లు ఆగాయి.

"నీకు బేరం వత్తాదని ఇక్కడేయించినాను. కప్పేటైంది?"

"బేరముండదని ఇప్పేసినాను."

"అయిదేళ్లు ఆలోచించి ఈ రోజే దొరికిందేటి నీకు?"

ఎండకు తాళలేక జనం గబగబా తిని లేచారు. బెంచీలు ఖాళీ అయిన కొద్దీ కొత్తవాళ్లు కూర్చోవడంతో, మధ్యాహ్నానికే కోళ్లన్నీ అయిపోయాయి. రేకులు అసలు అవసరమా అని ఫల్గుణ మళ్లీ మొదటి నుంచి ఆలోచించసాగాడు.