ఆర్డిస్ ముక్కు, మెర్ల్ ఫ్రిజ్

మంగళవారం పొద్దున ఎనిమిదింబావుకి ఆర్డిస్ హాల్వర్సన్ తల మెర్ల్ ఓస్బీ గారి ఫ్రిజ్‌లో ఇరుక్కుంది. ముందువైపు నుంచి కాదు, వెనకవైపు నుంచి. లోపలే వంటిల్లూ పడకా ఉండే చక్రాల ఇళ్లలో ఫ్రిజ్ వీపుకి ఎదురుగా, బండి బయటి గోడలో ఒక జాలీ తలుపు ఉంటుంది. ఆవిడ ఆ జాలీ ఊడదీసి, టార్చిలైటు వేసుకుని, తల లోపలికి దూర్చింది. కళ్లజోడుకు వేలాడే పూసల గొలుసు లోపల ఏదో గొట్టానికి చుట్టుకుంది. అంతకుమించి విశేషం ఏమీ లేదు.

మెర్ల్ కాఫీ కప్పు పట్టుకుని బండి చుట్టూ తిరిగి వచ్చేసరికి గోడలోంచి రెండు కాళ్లూ, ఒక నీలం ప్యాంటూ, ఆ ప్యాంటు వెనక జేబులో ఒక స్క్రూడ్రైవరూ కనిపించాయి. ఆయన కంగారు పడలేదు. ఒక గుటక తాగాడు.

"ఆర్డిస్, నువ్వేనా?"

"నేనే." గొంతు డొల్లగా వచ్చింది.

"అక్కడ ఏం చేస్తున్నావో తెలుసుకోవచ్చా?"

"కందిరీగ గూడు తీస్తున్నా. సరిగ్గా మంట వెలిగే గొట్టంలోనే కట్టుకుంది. ఇక్కడ దుమ్ము తట్టి ఎన్నేళ్లయిందయ్యా?"

"నా ఫ్రిజ్. నా దుమ్ము."

"రెండూ నీవే, కాదనను. గొలుసు మాత్రం నాది. కాస్త విప్పు."

మెర్ల్ భార్య లవోన్ కత్తెర పట్టుకుని వచ్చి గొలుసు కత్తిరించింది. పూసలన్నీ ఫ్రిజ్ వెనక చిందిపోయాయి. ఆర్డిస్ చెవులు ఎర్రగా చేసుకుని బయటపడి, జాలీ బిగించి, తన గోల్ఫ్ బండి ఎక్కి వెళ్లిపోయింది. మెర్ల్ లోపలికి వెళ్లి ఫిర్యాదుల పుస్తకం తెరిచాడు.

ఆ పుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది. అరిజోనా ఎడారిలో, యూమాకి అవతల, క్వెయిల్ హాలో అనే ఆ పార్కులో చలికాలం గడపడానికి వచ్చే నూట పది బళ్లకూ ఒక కమిటీ, ఆ కమిటీకి మెర్ల్ అధ్యక్షుడు. మిన్నెసోటాలో ఇరవై తొమ్మిదేళ్లు తూనికలూ కొలతలూ తనిఖీ చేసి రిటైరైన మనిషి. కసాయి కొట్లో తక్కెడ మీద పడిన ఈగను కూడా లెక్కలో వేసుకునేవాడని లవోన్ అంటుంది. ఒకరి బండిని ఇంకొకరు అడక్కుండా ముట్టుకోకూడదన్న నియమం రాసింది ఆయనే. ఒకే మనిషి మీద మూడు ఫిర్యాదులు వస్తే మరుసటి ఏడు ఆ మనిషికి పార్కులో చోటు ఉండదన్న నియమమూ ఆయనదే.

ఆర్డిస్ మీద ఇది రెండోది.

ఆవిడకి డెబ్బై ఒకటి. నార్త్ డకోటాలో ముప్పై ఒక్క ఏళ్లు బడి బస్సు నడిపింది. ఎవరి డబ్బాలో ఉడికించిన గుడ్డుందో, ఎవడి బూట్ల కింద పశువుల కొట్టం అంటుకునుందో వెనక్కి తిరగకుండానే చెప్పేది. గొంతు కూడా బస్సు గొంతే. చివరి సీటు దాకా వినిపిస్తుంది, ఆపైన రోడ్డు అవతలి ఇంటికీ వినిపిస్తుంది. భర్త పోయాక ఇల్లమ్మేసి ఒక చక్రాల ఇల్లు కొనుక్కుంది. వేసవంతా ఒంటరిగా ఎక్కడెక్కడో తిరుగుతుంది. నవంబరు నుంచి మార్చి దాకా క్వెయిల్ హాలోలో నలభై రెండో నంబరు స్థలం. ఏడాది మొత్తంలో తనను పేరుపెట్టి పిలిచేవాళ్లుండే నెలలు అవే. అందుకే ఆ రెండో ఫిర్యాదు విని ఆవిడ ఆ రోజు మధ్యాహ్నం అన్నం ముందు కూర్చుని అలాగే లేచిపోయింది.

మరి ఫ్రిజ్‌ల వెనక ఈ తిరుగుడేమిటి? దానికి కారణం బటన్ అనే పిల్లి.

పదకొండేళ్ల కిందట, మొదటి బండిలో మొదటి చలికాలం. మూడు రోజులుగా లోపల ఘాటు వాసన. ముక్కు మండేంత ఘాటు. ముప్పై ఒక్క ఏళ్ల బస్సు ముక్కు వాసన చూసి తీర్పు చెప్పింది: పిల్లి ఎక్కడో మూలన పని కానిచ్చింది. ఆవిడ బటన్‌ని తిట్టింది. ఇసుక పళ్లెం మార్చింది. తివాచీ కడిగింది. మళ్లీ తిట్టింది. పిల్లి ఏమీ అనకుండా వంటింట్లో కూర్చుని ఫ్రిజ్ వైపే చూసింది. మూడో రోజు మధ్యాహ్నం ఆవిడ పక్క స్థలంలో స్నానాల గదికి వెళ్లి, తువ్వాలు చుట్టుకుని తిరిగి వస్తుంటే, బండి వెనక గోడలోంచి మంటలు లేచాయి. పిల్లి మాత్రం ముందే కిటికీలోంచి దూకి వచ్చి చెట్టు కింద కూర్చుంది. పన్నెండు నిమిషాల్లో చక్రాలూ చట్రమూ మిగిలాయి. ఆవిడకి తువ్వాలు మిగిలింది.

ఆ ఫ్రిజ్‌లలో మోటారు ఉండదు. చిన్న మంట మీద అమ్మోనియా మరుగుతూ, గొట్టాల్లో తిరుగుతూ చల్లదనం తెస్తుంది. గొట్టం పగిలితే అమ్మోనియా ముందు వాసనై బయటికొస్తుంది. దాంతోపాటు వచ్చే ఇంకో వాయువుకి వాసనా లేదు, మర్యాదా లేదు; మంట తగిలితే చాలు. అదంతా అగ్నిమాపకదళం వాళ్లు చెప్పాక ఆవిడ చేసిన మొదటి పని పిల్లికి క్షమాపణ చెప్పుకోవడం. ఇప్పటికీ రోజూ చెబుతుంది. బటన్‌కి ఇప్పుడు పదహారేళ్లు. గోల్ఫ్ బండిలో ఎర్రటి మంటలార్పే సిలిండరు పక్కన పడుకుని, ఆ క్షమాపణ వింటూ కునుకు తీస్తుంది.

రెండో ఫిర్యాదు తర్వాత ఆవిడ రెండు రోజులు ఎవరి జాలీ జోలికీ పోలేదు. దారిలో కనబడ్డవాళ్లకి మాత్రం చెబుతూనే ఉంది. "పెట్రోలు బంకుకి పోయే ముందు గ్యాస్ కట్టెయ్ నాయనా. బండి వాలుగా నిలబెట్టావేంటమ్మా, నీ ఫ్రిజ్‌కి తల తిరుగుతుంది." వాళ్లు నవ్వేవారు. కొందరు ఆవిడ పోయాక వెళ్లి కట్టేసేవారు.

గురువారం మెర్ల్ ఫ్రిజ్ చల్లబడటం మానేసింది. మెర్ల్ దాన్ని ఊడదీసి, బయటికి లాగి, గుమ్మం ముందు తలకిందులుగా నిలబెట్టాడు. పాత ఫ్రిజ్‌ని ఒక రోజు తలకిందులు చేస్తే లోపల గడ్డకట్టింది వదులై మళ్లీ కూలింగ్ వస్తుందని ఆ పార్కులో చాలామంది నమ్మకం. తిరగేసినప్పుడు లోపలినుంచి పూసలు టపటపా రాలాయి. మెర్ల్ వాటిని ఏరి కాఫీ డబ్బాలో వేశాడు.

"ముసలాయన్ని తలకిందులు చేస్తే ఎలా ఉంటుంది మెర్ల్?" అంది ఆర్డిస్, దూరంగా బండిలోంచే. "లోపల ఎముకలు పటపటమంటాయి. ఆ గొట్టాలు నీకంటే పాతవి."

"దూరంగా నిలబడ్డావు. సంతోషం. అక్కడే ఉండు."

శుక్రవారం ఫ్రిజ్ లోపలికి వెళ్లింది. వెళ్లి అద్భుతంగా పనిచేసింది! మెర్ల్ దాన్ని ఊరేగించినంత పని చేశాడు. శనివారం సాయంత్రం పార్కు మొత్తానికి చేపల విందు. ఆయన మిన్నెసోటా సరస్సులో పట్టి, శుభ్రం చేసి, గడ్డకట్టించి తెచ్చిన పది కిలోల వాలై చేప ఆ ఫ్రీజరులోకి ఎక్కింది. పక్కవాళ్ల క్యాబేజీ సలాడూ, ఎదురువాళ్ల ఐస్‌క్రీమూ కూడా అందులోకే. పార్కులో అంత చల్లటి ఫ్రిజ్ ఇంకోటి లేదని మెర్ల్ నలుగురినీ పిలిచి చెయ్యి పెట్టించాడు.

శనివారం మధ్యాహ్నం మూడుంబావు. ఆర్డిస్ గోల్ఫ్ బండి మీద నెమ్మదిగా పోతోంది. ఓస్బీల కిటికీ తెరిచి ఉంది. లోపల మొగుడూ పెళ్లాల పోట్లాట.

"నీ జుట్టు రంగే లవోన్! పొద్దుట్నుంచీ ముక్కు బద్దలవుతోంది. కళ్లు చూడు ఎలా నీళ్లు కారుతున్నాయో!"

"పొద్దున రంగే కలపలేదయ్యా నేను! ఇప్పుడే పట్టించా. నువ్వు నేల తుడిచిన మందు వాసన అది."

"నేను తుడవలేదు!"

"అవును, తుడిస్తే ఆశ్చర్యమే. ఇదిగో రంగు డబ్బా, చదువు. కళ్లజోడు పెట్టుకుని చదువు. అమ్మోనియా లేదు అని ఇంత పెద్ద అక్షరాల్లో రాసుంది!"

"మరి ఐస్‌క్రీమ్ ఎందుకు కరుగుతోంది? ఉండు, మంట పెంచుతా."

ఆర్డిస్ బ్రేకు తొక్కింది. బటన్ తలెత్తింది. తిట్టడానికి వాళ్లకి పిల్లి లేదు, అందుకని ఒకరినొకరు తిట్టుకుంటున్నారు. అంతే తేడా!

జాలీ అక్కడే, పది అడుగుల్లో ఉంది. దాని కింది అంచున, గొట్టం పగిలితే కారే పసుప్పచ్చటి పొడి సన్నగా చారలు కట్టింది. మంగళవారం అది లేదు. నలభై రెండో నంబరు స్థలం ఆవిడ కళ్లముందు ఒక్కసారి మెదిలింది: గుమ్మం పక్క చెట్టు, పొద్దున్నే గింజలకొచ్చే కౌజుపిట్టలు, "ఆర్డిస్" అని పిలిచే గొంతులు. ముట్టుకుంటే మూడోది. ముట్టుకోకపోతే...

ఆవిడ అప్పటికే బండి దిగి పరిగెడుతోంది.

"బయటికి రండి! ఇద్దరూ! ఏదీ పట్టుకోకుండా, ఉన్నవాళ్లు ఉన్నట్టు!"

ముప్పై ఒక్క ఏళ్ల బస్సు గొంతు. మూడు వరసల అవతల గుర్రపు నాడాలు విసిరి ఆడుకుంటున్నవాళ్లు కూడా ఆట ఆపి బయల్దేరారు. మెర్ల్ కిటికీ వేసేశాడు. ఆర్డిస్ బండి ముందుకెళ్లి గ్యాస్ సిలిండరు తిప్పి కట్టేసింది. పరుగున వెనక్కొచ్చి కరెంటు ప్లగ్గు పీకేసింది. లోపల ఫ్యాను ఆగింది, రేడియో ఆగింది.

తలుపు ధడాలున తెరుచుకుంది.

"మూడోది!" మెర్ల్ మూడు వేళ్లు చూపిస్తూ మెట్లు దిగాడు. "నా గ్యాసూ, నా కరెంటూ! ఇది మూడోది ఆర్డిస్!"

"మూడో, ముప్పయ్యో, ఇంకా ఇవతలికి రా!"

"రాను. ఇక్కడే నిలబడి రాస్తా."

లవోన్ కూడా దిగింది, తలకి ప్లాస్టిక్ టోపీ, మెడ మీద కారుతున్న రంగు. "ఏంటే ఈ గోల? నీకు మతి పోయిందా? తల కడుక్కోవాలి నేను!" అని తిట్టడానికే దిగింది. తిట్టడానికే అయినా ఇద్దరూ దిగారు.

ధబ్!

పెద్ద చప్పుడేమీ కాదు, పరుపు కింద పడ్డట్టు. జాలీ ఎగిరి ఆర్డిస్ కాళ్ల దగ్గర పడింది. గ్యాస్ ఆగినా, లోపల కారిన వాయువు అప్పటికే అంటుకుంది. గోడలోంచి నీలంగా ఒక నాలుక, దాని వెనకే పసుపుగా ఇంకోటి. మెర్ల్ చెయ్యి మూడు వేళ్లతో అలాగే గాల్లో ఉండిపోయింది. మరుక్షణం ఆయన మెట్ల వైపు తిరిగాడు.

"నా చేపలు!"

"మెర్ల్ ఓస్బీ! కూర్చో!"

ఆయన నేల మీద కూర్చున్నాడు. ఎందుకు కూర్చున్నాడో ఆయనకి ఇప్పటికీ తెలియదు.

ఆర్డిస్ గాలికి అడ్డం పడకుండా పక్కకి జరిగి, ఊపిరి బిగబట్టి, ఎర్ర సిలిండరు పిన్ను లాగి ఆ కంతలోకి గురిపెట్టింది. తెల్లటి పొడి లోపలికి దూసుకుపోయింది. మంట దగ్గింది, దగ్గి మళ్లీ లేచింది. సిలిండరు ఖాళీ! "ఇంకోటి!" అని ఆవిడ అరవకముందే గుర్రపు నాడాల వాళ్లు క్లబ్బు గోడ మీద సిలిండరు పీకి తెచ్చేశారు. రెండోది కూడా గుమ్మరించింది. పొడి ఫ్రిజ్ దాటి, వంటిల్లు దాటి, అవతలి కిటికీ సందులోంచి పొగలా బయటికొచ్చింది. మంట చచ్చింది. ఎవరినీ లోపలికి పోనివ్వకుండా ఆవిడ ఖాళీ సిలిండరు పట్టుకుని మెట్ల ముందు నిలబడింది, అగ్నిమాపకదళం వచ్చేదాకా.

వాళ్లొచ్చి గోడ ఒలిచి చూశారు. చెక్క బొగ్గయింది కానీ పైకప్పుకు ఎక్కలేదు. ఇంకో అయిదు నిమిషాలయితే మేమొచ్చి చేసేదేమీ ఉండేది కాదన్నారు. పది కిలోల వాలై చేపకంతా అమ్మోనియా పట్టింది. ఆ సాయంత్రం చేపల విందులో జనం చిక్కుడు గింజలూ రొట్టే తిన్నారు. ఇరవై అయిదు నిమిషాలు ఉంచాల్సిన జుట్టు రంగు లవోన్ తల మీద రెండు గంటలు ఉంది. పెట్టె మీద తేనె రంగు అని ఉంది. వచ్చింది వంకాయ రంగు.

సోమవారం క్లబ్బులో కమిటీ కూర్చుంది. ఆర్డిస్ చివరి వరసలో, ఒళ్లో పిల్లితో. బండి సర్దుకోవడం మొదలుపెట్టేసి వచ్చింది. మెర్ల్ లేచి పుస్తకం విప్పాడు.

"మూడో ఫిర్యాదు. అనుమతి లేకుండా గ్యాస్ ముట్టుకోవడం, కరెంటు పీకడం, పది కిలోల చేప మీద పొడి జల్లడం."

"మెర్ల్, సిగ్గుండాలి!" అన్నారెవరో. "కూర్చోబెట్టండయ్యా ఆయన్ని!"

"ఆయన్ని కూర్చోబెట్టాలంటే ఆర్డిస్సే చెప్పాలి," అంది లవోన్. గది గొల్లుమంది.

మెర్ల్ నవ్వలేదు. "రాసింది కొట్టేయను. ఇరవై తొమ్మిదేళ్లలో ఒక్క తూకం దిద్దలేదు నేను. ఫిర్యాదు ఉంటుంది." పేజీ తిప్పాడు. "కానీ నియమం రాసింది నేను కాబట్టి నియమం దిద్దొచ్చు. మూడు ఫిర్యాదులు అన్న చోట ముప్పై అని రాశా. ఇంకో కొత్త నియమం, ఆర్డిస్ హాల్వర్సన్ పార్కులో ఎవరి జాలీ అయినా తెరవొచ్చు. అయితే తెరిచే ముందు పేరుపెట్టి పిలిచి, లోపలివాళ్లకి వినపడేలా గట్టిగా చెప్పి తీరాలి."

అందరూ చేతులెత్తారు. పోతూ పోతూ ఆయన ఆవిడ ఒళ్లో ఏదో పడేశాడు. పూసల గొలుసు. కొత్త తీగ మీద తనే గుచ్చాడు. "ఒక పూస దొరకలేదు. లెక్కపెట్టుకుని తీసుకో," అన్నాడు. ఆవిడ లెక్కపెట్టలేదు. కళ్లజోడు తుడుచుకుంటూ చాలాసేపు కూర్చుంది, అద్దాలు అప్పటికే శుభ్రంగా ఉన్నా.

రెండు వారాలకి గోడ బాగుపడి, ఓస్బీల బండిలోకి కొత్త ఫ్రిజ్ వచ్చింది. మర్నాడు పొద్దున సరిగ్గా ఏడింటికి గోల్ఫ్ బండి వచ్చి జాలీ ముందు ఆగింది.

"మెర్ల్ ఓస్బీ! జాలీ తెరుస్తున్నానూ!"

కౌజుపిట్టలు గుంపుగా లేచాయి. మూడు వరసల్లో లైట్లు వెలిగాయి. కిటికీ తెరుచుకుని, బనీనుతో, జుట్టు నిక్కబొడుచుకుని మెర్ల్ తల బయటికొచ్చింది.

"ఏడింటికే ఇంత కేకేసి మనిషిని లేపేస్తే ఎలాగ ఆర్డిస్? నాలుగోది రాసుకుంటున్నా!"

"లేచావు కదా నాయనా, నాకదే చాలు."