మెట్టుగూడలో అయిదు రోజుల గ్రహణం

మా అమ్మ సలోమి ఎడమచేతికి మూడు వేళ్ళు సగం దాకానే ఉండేవి. నాలుగో వేలి మొదట్లో దారం బిగించి కట్టినట్టు ఒక గాడి. అలాంటి గాడే చెవిపైన పుర్రె మీదా ఉండేది. అక్కడ వెంట్రుకలు మొలవవు కాబట్టి జుట్టు పక్కకు లాగి జడ వేసుకునేది.

దీనికంతటికీ కారణం తానేనని మా అమ్మమ్మ రోసమ్మ నమ్మకం. ఆమెది గుంటూరు వైపు. అమ్మ కడుపులో ఉండగా గ్రహణం వచ్చింది. ఆ వేళ కడుపుతో ఉన్నవాళ్ళు కత్తి ముడితే బిడ్డకు అవకరం వస్తుందంటారు. అదంతా మూఢనమ్మకమని చర్చిలో పాస్టరు అయ్యగారు చెప్పారు. అమ్మమ్మ విశ్వాసం చాటుకోవడానికి, నలుగురూ చూస్తుండగా వాకిట్లో కూర్చుని సొరకాయ కోసింది. తర్వాత ఈ వేళ్ళతో అమ్మ పుట్టింది.

కాన్పులు చేసే మేబెల్ నర్సమ్మ ఎన్నోసార్లు చెప్పిందట: "కడుపులో బిడ్డ చుట్టూ ఉండే పొర చిరిగి, దాని పోగులు చేతికో తలకో చుట్టుకుంటయమ్మా. ఎందుకు చిరుగుతదో మాకు సుత తెల్వదు. మీరు చేసిందేం లేదు." ప్రసంగానికి ఊపినట్టే అమ్మమ్మ తల ఊపేది.

నలభై ఎనిమిది సెప్టెంబరులో నేను ఎనిమిదో నెల పిండాన్ని. సోమవారం భారత సైన్యం నిజాం సంస్థానంలోకి వచ్చిందన్న వార్తతో మెట్టుగూడ తలుపులు మూసుకుంది. బాంబుల భయంతో కిటికీలకు కంబళ్ళు వేలాడదీశారు. పక్కింటి బుచ్చమ్మ తొంగి చూసి, "ఏందమ్మా, పట్టపగలే చీకటైంది! గ్రహణమోలె ఉంది. కడుపుతోటున్న పిల్ల జెర పైలం" అంది.

అంతే. అమ్మమ్మ అమ్మను వెల్లకిలా పడుకోబెట్టింది. కత్తి ముట్టరాదు, వేలు మడవరాదు, గోక్కోవడం అసలే కుదరదు.

అమ్మ ఆ రోజుల గురించి కల చెప్పినట్టు చెప్పేది. కంబళిలో ఒక చిల్లు ఉండేదట. అందులోంచి వెలుగు దూరి, ఎదురుగోడ మీద వీధంతా తలకిందులుగా పడేది. మేకలు ఆకాశం మీద నడిచేవి. ఎక్కడో విమానం తేనెటీగలా మూలిగేది. చీకట్లో ఆమె, ఆమెలోని చీకట్లో నేను, ఇద్దరం ఈదుతున్నట్టు ఉండేదట.

నాలుగో రోజు సందులోంచి జీవరాజు అయ్యగారు వచ్చారు. కొత్తగా వచ్చిన కుర్ర పాస్టరుగారు. ప్రార్థన చేద్దామని అమ్మ తలగడ కింది బైబిలు తీసి తెరిచేసరికి, ఆయన ఒడిలో దర్భలు రాలాయి.

"పుట గుర్తుకండీ" అంది అమ్మమ్మ.

"గుర్తేందమ్మా, గ్రహణానికని నేనే ఇస్తి గద!" అంది బుచ్చమ్మ.

అయ్యగారు నవ్వు దాచుకోబోయారు. అమ్మమ్మకు ఉక్రోషం ఆగలేదు. "నవ్వండి! ఇరవై రెండేళ్ళ కిందట మీలాంటి అయ్యగారే నవ్వారు. ఆయన మాట విని కోశాను. దీని చెయ్యి చూడండి!"

పాపం, ఆయన ఏ వాక్యం చదవాలనుకున్నారో మరిచిపోయారట.

అమ్మ లేచింది. వంటగదిలోకి వెళ్ళి కత్తిపీట ముందు కూర్చుంది. "ఆ దోసకాయ ఇటియ్యమ్మా."

"వద్దే సలోమీ, నీకు దణ్ణం పెడతానే!"

"నా బిడ్డ ఎట్ల పుడితే గట్ల పుట్టనీ. గానీ నా చెయ్యి నీ వల్లనే గిట్లయిందన్న మాట నేనిగ వినలేను."

పొట్టి వేళ్ళతో అదిమిపట్టి సన్నగా, తీరిగ్గా తరిగింది. నేను లోపల్నుంచి ఒక తన్ను తన్నానట. భయంతోనో మెచ్చుకోలుగానో గుర్తు లేదు.

మర్నాటికి యుద్ధం ఆగిపోయిందని రేడియోలో చెప్పారు. కంబళ్ళు దిగాయి. అమ్మమ్మ మాత్రం నెలపాటు సరిగా తినలేదు.

అక్టోబరులో నేను పుట్టాను. అమ్మమ్మ నన్ను చూడనని గోడవైపు తిరిగి నిలబడిందట. మేబెల్ నర్సమ్మ నన్ను దిసమొలతో తెచ్చి ఆమె చేతుల్లో పెట్టింది. కాళ్ళు, చేతులు, తల, నా సిగ్గంతా అమ్మమ్మ వెతికి వెతికి చూసింది.

"సలోమి కత్తి పట్టింది కదా?"

"పట్టింది."

"అయితే అప్పుడు నేను..."

"మీరు కూర వండిండ్రు, గంతే."

"ఆ మాట ముందే చెప్పొచ్చుగా!" అని అమ్మమ్మ నర్సమ్మ మీద ఎగిరిపడింది. తర్వాత నన్ను అమ్మ పక్కన పెట్టి, మంచం కింద నేల మీదే ఒరిగి, మర్నాడు పొద్దెక్కేదాకా నిద్రపోయింది. నేను ఎంత ఏడ్చినా లేవలేదట. అమ్మ లేపనివ్వలేదు.