కరువేడు మేర

మొన్న పింఛను పడ్డట్టు ఫోను టింగుమంది. కిటికీలోంచి వాన జాడ లేని ఆకాశం చూస్తూ మా ఆవిడ, "మనకేం ఫికర్? వాన పడ్డా పడకున్నా మన పైసలు మనకొస్తయి" అంది. మామూలు మాటే. నేను మాత్రం చాయ్ గ్లాసు పక్కన పెట్టేశాను.

అరవైల మొదట్లో నేను నల్లగొండలో సర్కారీ గుమాస్తాను. ఊళ్ళ నుంచి వచ్చిన శిస్తు లెక్కలు ఒక పుస్తకంలోంచి ఇంకో పుస్తకంలోకి ఎక్కించడం నా పని. అది చెయ్యకపోతే ఎవరికి ఏమవుతుందో నాకూ తెలియదు, చేయించుకునేవాళ్ళకూ తెలియదు. అయినా నకిరేకల్ దగ్గరి మా ఊళ్ళో నాది రాజభోగం. నేను వస్తే అవ్వ మంచం వాల్చేది, బాపు చుట్ట ఆర్పేసేవాడు. అదే బాపు, తనకంటే పెద్దవాడైన తొండం కుట్టే ఆయన్ని "ఏరా" అని పిలిచేవాడు. తొండమంటే మోట బొక్కెనకు కట్టే తోలు గొట్టం. ఎడ్లు బొక్కెనను పైకి లాగితే నీళ్ళు కాల్వలో పడేది దాన్లోంచే. అది చిరిగితే బావిలో నీళ్ళున్నా మడికి చుక్క అందదు. ఏడాదంతా దాన్ని కుట్టిపెట్టినందుకు ఆయనకు కూలి లేదు, కోతలయ్యాక కల్లంలో పోసే గింజలే. దాన్ని మేర అంటారు. ఆయన ఇంటిల్లిపాదికీ ఏడాది బువ్వ అదే.

ఒక ఏడు వానలు మొహం చాటేశాయి. బావి నీళ్ళు అడుగంటి, తొండం రాళ్ళకు ఒరుసుకుని ఊరికూరికే చిరిగేది. ఆయన తోలు కుట్టే ఆరె పట్టుకుని బావిగడ్డ మీదే కాపురం పెట్టాడు. ఆయన పుణ్యాన సగం వరైనా దక్కింది. మా ఆఫీసులోనేమో, సర్కారు శిస్తు మాఫీ చేసింది కనుక ఎక్కించడానికి లెక్కలే లేవు. ఆ ఏడంతా ఈగలు తోలుకుంటూ కుర్చీలు అరగదీశాం.

కల్లం నాడు నేను ఇస్త్రీ బట్టల్లో వెళ్ళి నిలబడ్డాను. బాపు ఎప్పుడూ ఇచ్చేదాంట్లో సగం పోసి చేట దులిపేశాడు. పెద్దాయన తాను పరిచిన గుడ్డ వైపు చూసుకుని, "గీ యేడు కుట్టుడే ఎక్కువాయె గదా పటేలా" అన్నాడు.

"పంట సగం, మేరా సగమే. రివాజు నేను పెట్టిననా?" అన్నాడు బాపు.

పెద్దాయన వంగి గుడ్డ కొసలు దగ్గరికి లాక్కున్నాడు. మూట కట్టుకుంటూ నన్నడిగాడు. "నీ జీతం గూడ సగమే ఇచ్చిండ్రా, చిన్న పటేలా?"

"లేదు, మొత్తం ఇచ్చిండ్రు" అన్నాను.

ఆయన మొహంలో కుళ్ళు లేదు. ఉన్నా బాగుండేది. "అయ్యో! అయితే గీ కరువుల నీకు పని మస్తు వడ్డట్టుంది. మనిషివి గుంజుకపోయినవ్. పానం జర పైలం" అన్నాడు.

నేను అవునన్నట్టు తలూపాను. ఛీ, సిగ్గులేని తల! మోటలు పోయి మోటార్లు వచ్చాయి, బాపు పోయాడు, ఆయనా పోయాడు. కాలం అన్నీ మరిపిస్తుందంటారు గానీ, ఆ పూట ఆయన నా మీద పడ్డ జాలిని మాత్రం ఇన్నేళ్ళయినా నా నుంచి తీసుకుపోలేకపోయింది.