కామా తర్వాతి పేరు

ఒక్క చెట్టూ కొట్టని నన్ను దొంగల జాబితాలో ఆఖరున రాశాడు అటవీ ఆఫీసు గుమాస్తా. ఎనభైల నాటి మాట ఇది. పెనుబల్లి అవతల, అడవి అంచున మా ఊరు. టేకు మాయమైనప్పుడల్లా ఆయనే వచ్చి, బడి వరండాలో కూర్చుని, ఊరి మగాళ్లను ఎదురుగా నిలబెట్టి పేర్లు రాసేవాడు.

ఆఖరి పేరు ముందు కామా పెట్టి, కలం ఎత్తి, మా ముఖాలు ఒక్కొక్కటే చూసేవాడు. తర్వాత ‘మరియు’ అని రాసి పేరు ఎక్కించేవాడు. కామా ఉండగా ‘మరియు’ దేనికని, సొంతంగా అక్షరాలు నేర్చుకున్న నాకు అడగాలనిపించేది. అడిగితే నా పేరే ఎక్కిస్తాడేమోనని భయపడేవాణ్ణి.

ఆ రోజు ఆయన చూపు నా మీద ఆగింది.

“నేనేం జేసిన సారూ?”

“నోర్మూసుకోరా, రాయనీ” అన్నాడు. ‘మరియు’ అని రాసి నా పేరు ఎక్కించాడు.

నెల రోజులు జైల్లో ఉన్నాను. చాలా ఏళ్లకు, ఆయన రిటైరయ్యాక, సత్తుపల్లి బస్టాండులో పట్టుకుని నిలదీశాను. ఆయన తల ఎత్తకుండానే చెప్పాడు.

“పైనోళ్లు ఆరుగురు గావాలన్నరు. దొరికింది అయిదుగురే. ఆరో పేరు లేకుంటే నా కొలువు పోతది. గా కామా కాడ ఆగి, జైలుకు ఎవరు తట్టుకుంటరా అని చూసేటోణ్ణి. మీకొక్కరికే చదువొచ్చు, కొట్లాడి బయటికొస్తరనుకున్న, అన్నా.”