ఖాళీ సీటుకు బెల్టు

నేను సైన్స్ టీచర్‌ని. పద్దెనిమిదేళ్లుగా అబిడ్స్‌లో ఒక బడిలో తొమ్మిది, పది తరగతులకు ఫిజిక్స్ చెప్తున్నాను. దెయ్యాలు ఉన్నాయని ఏ పిల్లయినా అంటే ఆ రోజు పాఠం పక్కన పెట్టి మరీ వాదించే రకం. ఇంట్లో ఎవరికైనా దిష్టి తీస్తుంటే ఉప్పు దండగ అని గొణుగుతాను. ఈ మాట ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఇది చదివాక మీరు నన్ను వేరే జాబితాలో వేసుకుంటారేమోనని నా భయం.

ఇదేమీ అర్ధరాత్రి జరిగింది కాదు. సాయంత్రం ఐదింటికి, నిండు ట్రాఫిక్‌లో, మా సొంత కారులో జరిగింది.

నాకు చిన్నప్పటి నుంచీ కార్ల పిచ్చి. మా ఆయన రఘు పూర్తిగా వేరు. ఆయన దృష్టిలో కారంటే తెల్లగా ఉండాలి, మెల్లగా పోవాలి. నేను ఆరు నెలలు వెతికి పట్టుకున్నది మాత్రం ముదురు నీలం రంగు స్టేషన్ వాగన్. పాత బండే కానీ ఎవరో కళ్లలో పెట్టుకుని చూసుకున్నారు. పొడుగ్గా, నేలకు దగ్గరగా ఉంటుంది. వెనక డిక్కీ ఒక చిన్న గదంత. పిల్లల సైన్స్ ఫెయిర్ మోడళ్లన్నీ ఒక్క ట్రిప్పులో పట్టేస్తాయి. చూడటానికి బుద్ధిగా సంసారపక్షంగా కనిపిస్తుంది గానీ, లోపల ఉన్నది టర్బో పెట్రోల్ ఇంజను. రెండో గేరులో కాలు కాస్త గట్టిగా ఆనిస్తే చాలు, వీపు సీటుకు అతుక్కుపోతుంది. ఆ క్షణంలో రఘు తలుపు పైన పిడి పట్టుకుని కళ్లు మూసుకుంటాడు. నేను నవ్వుతాను. నలభై నాలుగేళ్ల వయసులో నాకంటూ కొనుక్కున్న సరదా అదొక్కటే.

మొదటి రోజు మా అత్తమ్మ గడప దగ్గర నిలబడి బండిని ఈ చివర నుంచి ఆ చివర దాకా చూసింది.

"ఏంది బిడ్డా గిది, దవాఖాన బండి తెచ్చినవ్?" అంది.

అయినా వాహన పూజ మాత్రం ఆమే పట్టుబట్టి చేయించింది. నాలుగు చక్రాల కింద నిమ్మకాయలు, ముందు కొబ్బరికాయ, స్టీరింగుకు పసుపు కుంకుమ. ఎడమ వైపు ముందు సీటు పైన ఎండకు అడ్డంగా దించే అట్ట ఉంటుంది కదా, దాని లోపలి అద్దం మీద మెరూన్ రంగు స్టిక్కర్ బొట్టు ఒకటి అతికించి ఉంది. పాత యజమాని ఇంట్లో ఆడవాళ్లదై ఉంటుంది. నేను గోరుతో గీకబోతే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుంది. ముత్తయిదువ బొట్టు అట్లా తీయకూడదట. పైగా దాని పక్కనే తన వేలితో కుంకుమ పెట్టి, "రా తల్లీ, మా బండ్ల కూసో" అని దండం పెట్టింది. లక్ష్మీదేవిని అంటోందనుకుని నేను ఊరుకున్నాను.

నాలుగు రోజుల తర్వాత మొదలైంది.

బడి నుంచి నాంపల్లిలోని ఇంటికి వస్తున్నాను. కారులో నేనొక్కదాన్నే. అబిడ్స్‌లో ఒక చెప్పుల దుకాణం ముందు ట్రాఫిక్ ఆగింది. కదలగానే టింగ్ టింగ్ అంటూ సీటు బెల్టు హెచ్చరిక. నేను బెల్టు పెట్టుకునే ఉన్నాను. చూస్తే పక్క సీటు దీపం ఎర్రగా వెలుగుతోంది. ఆ సీటులో మనిషి బరువు ఉండి, బెల్టు పెట్టుకోకపోతేనే అది మోగుతుంది. సీటు ఖాళీ. నా సంచీ కూడా వెనకే ఉంది. నాంపల్లి స్టేషన్ దాటాక ఒక మందుల దుకాణం, దాని పక్కన ఒక సందు. అక్కడికి రాగానే మోత దానంతట అదే ఆగిపోయింది.

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే.

ఫిజిక్స్ టీచర్‌ని, ఊరికే వదులుతానా. సీటు కింద తీగలన్నీ మెకానిక్‌తో చూపించాను. అన్నీ సరిగ్గా ఉన్నాయన్నాడు. గౌలిగూడ మీదుగా చుట్టు తిరిగి వచ్చాను, మోగలేదు. పొద్దున బడికి పోయేటప్పుడు ఒక్కసారి కూడా మోగలేదు. ఐదింటికి ఆ చెప్పుల దుకాణం దగ్గర మొదలు, మందుల దుకాణం దగ్గర ఆఖరు. మూడు వారాలు నోటుబుక్కులో రాసుకున్నాను. సెలవు రోజుల్లో అదే దారిలో, అదే వేళకు పోయి చూశాను. చప్పుడు లేదు. యంత్రానికి ఆదివారాలు ఎట్లా తెలుస్తాయి?

ఒకరోజు రఘును ఆ సీటులో కూర్చోబెట్టాను. బెల్టు పెట్టుకున్నాడు కాబట్టి మోగలేదు. ఇంటికొచ్చాక మాత్రం, "దారంతా నన్ను ఎవరో జరుగు జరుగు అంటున్నట్టుంది" అన్నాడు. నీ కడుపులో గ్యాస్ అని కొట్టిపారేశాను.

అసలు చిక్కు అత్తమ్మ వల్ల వచ్చింది. ఒక సాయంత్రం ఆమె అబిడ్స్‌కు చీరకు ఫాల్ వేయించడానికి వచ్చి, నాతో పాటు ఇంటికి బయల్దేరింది. ఆమె ఎప్పుడూ వెనక సీటే. చెప్పుల దుకాణం, మోత. మందుల దుకాణం, నిశ్శబ్దం. నేను తీగ లూజు అని ఏదో చెప్పబోయాను. ఆమె వినలేదు.

"ఎవరో ఎక్కిన్రు. ఎవరో దిగిన్రు," అంది మెల్లగా. "బండి అమ్మేయున్రి."

ఇంట్లో అత్తమ్మ మాటకు తిరుగు లేదు. రఘుకు కూడా లోపల సంతోషమే అనుకుంటాను, తెల్ల కారు కొనొచ్చని. రెండు రోజుల్లో వాళ్ల ఆఫీసులో ఒకరిని మాట్లాడి పెట్టాడు. ఆదివారం వచ్చి బండి చూసుకుంటాడట. ఆ రాత్రి నేను అన్నం తినలేదు. పిల్లలకు న్యూటన్ సూత్రాలు చెప్పే మనిషిని, ఒక కారు కోసం బాత్‌రూములో నల్లా తిప్పి ఏడ్చాను. సిగ్గేసింది, అయినా ఏడ్చాను.

శనివారం బడి అయ్యాక, డీలర్ ఇచ్చిన కాగితాల్లో ఉన్న పాత యజమాని నంబరుకు ఫోన్ చేశాను. బండి అమ్మకముందే దాని సంగతేమిటో తెలుసుకోవాలనిపించింది. రంగారావు సార్ అని, రిటైరైన ఇంజినీరు. చూపు తగ్గి కారు అమ్మేశారట. ఇప్పుడు కాచిగూడలో కూతురి దగ్గర ఉంటున్నారు. నేను పోయేసరికి గేటు బయటే నిలబడి ఉన్నారు. బండిని కళ్లతో కాదు, అరచేత్తో చూశారు, బానెట్ నుంచి డిక్కీ దాకా.

ఒక డౌటుంది సార్ అన్నాను అంతే. బెల్టు మాట ఎత్తలేదు. ఇది గట్టిగా చెప్తున్నాను, ఎందుకంటే నా దగ్గరున్న సాక్ష్యం మొత్తం దీని మీదే నిలబడుతుంది.

"డౌటు సంగతి తర్వాత. ఒక్క చక్కర్ కొట్టొద్దామా బిడ్డా? అబిడ్స్ దాకా," అన్నారు.

ముందు డోరు తీశాను. ఆయన వెనక డోరు తీసుకుని కూర్చున్నారు. "ముందు సీటు నాది కాదు," అన్నారు, అదేదో అందరికీ తెలిసిన సంగతైనట్టు.

కోఠి దాటాం. కాస్త రోడ్డు ఖాళీగా దొరికితే, అడిగి మరీ గట్టిగా తొక్కించారు. టర్బో అందుకోగానే పెద్దాయన పకపకా నవ్వారు. "మా ప్రమీల పసందు ఇది. నేను చిన్న బండి అన్న. పెద్దగ, తేజ్ ఉండాలె అని ఆమె పంతం. హిందీ టీచరమ్మకు టర్బో కావాలె చూడు," అన్నారు. ఆయన భార్య పోయి ఏడాదిన్నర అయిందని అప్పుడే తెలిసింది.

అబిడ్స్ చేరేసరికి ఐదు దాటింది. చెప్పుల దుకాణం ముందు బండి ఆగింది. కదిలింది.

టింగ్. టింగ్. టింగ్.

వెనక నుంచి ఆయన ముందుకు వంగారు. భయం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. గొంతులో ఉన్నది మొగుడి విసుగు.

"ప్రమీలా, బెల్టు పెట్టుకొమ్మని ఎన్నిసార్లు చెప్పాలె నీకు?"

చెయ్యి చాచి, తడుముకుంటూ బెల్టు లాగి పెట్టారు. టక్. మోత ఆగింది. ఆయన వెనక్కి వాలి కళ్లు తుడుచుకున్నారు. అంతలోనే నవ్వడం మొదలుపెట్టారు. ఆవిడకు గంజి పెట్టిన కాటన్ చీరలంటే ప్రాణమట. బెల్టుకు చీర నలుగుతుందని పెట్టుకునేది కాదట. బడి నుంచి ఇంటికి పది నిమిషాలే కదా అని, ఆ పది నిమిషాలూ మోగిస్తూనే వచ్చేదట. రోజూ అదే జగడం. ఆయన కోసం ఆవిడ నిలబడే చోటు ఆ చెప్పుల దుకాణమే.

నాంపల్లి స్టేషన్ దాటాం. నేనేమీ చెప్పకముందే, "మందుల దుకాణం కాడ జర ఆపు బిడ్డా. మా పాత ఇల్లు గా సందులనే," అన్నారు. దిగి, ముందు డోరు తెరిచి, బెల్టు విప్పి, ఒక మనిషి దిగడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు నిలబడ్డారు. తర్వాత డోరు వేశారు.

ఆయన్ను ఇంటికి తీసుకొచ్చాను. చాయ్, బిస్కెట్లు ముందు పెట్టి జరిగిందంతా అత్తమ్మకు చెప్పాను.

"అన్నా, అద్దం మీద బొట్టు ఆమెదేనా?" అని అడిగింది ఆమె.

"ఔనమ్మా. చెమటకు ఊడుతదని తీసి గాడ అతికిస్తుండె. అమ్మేటప్పుడు నాకు తీయ బుద్ధి కాలే."

అప్పుడు నాకు పూజ గుర్తొచ్చింది. "అత్తమ్మా, మీరే గదా బొట్టు పెట్టి పిలిచిన్రు. మా బండ్ల కూసో అన్నరు. వచ్చి కూసుంది," అన్నాను.

అత్తమ్మ మొహం చూడాలి. తప్పు చేస్తూ దొరికిపోయిన పిల్లలా అయింది. ముందు రఘు నవ్వాడు, తర్వాత రంగారావు సార్, చివరికి ఆమె కూడా చెంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. బొట్టు పెట్టి పిలిచిన ముత్తయిదువను పొమ్మనడం మా ఇళ్లల్లో లేదు. వచ్చిన మనిషికి మర్యాద చెయ్యాలి, అంతే.

"రేపు అతన్ని రావద్దను రఘూ," అంది. లేచి పోయి తాంబూలం సర్దింది. ఆకులు, వక్క, అరటిపండ్లు, పసుపు కుంకుమ, ఆకుపచ్చ జాకెట్ ముక్క. ముందు సీటులో పెట్టి దండం పెట్టింది. నా వైపు తిరిగి, "నువ్వు గూడ పెట్టు, టీచరమ్మా," అంది. పెట్టాను. తాంబూలాన్ని రంగారావు సార్ చేతికి ఇచ్చి పంపింది. రఘుతో తెప్పించిన బొట్టు స్టిక్కర్ల ప్యాకెట్ మాత్రం కారులోనే, ముందు అరలో పెట్టించింది. రోజూ వచ్చిపోయే మనిషికి అవసరం పడుతుందట.

పది రోజుల తర్వాత ఒక సాయంత్రం ఎదురెండకు అడ్డంగా పక్క సీటు అట్ట దించాను. అద్దం మీద మెరూన్ బొట్టు పక్కన ఇంకొకటి ఉంది. ఆకుపచ్చది. అరలో ప్యాకెట్ తీసి చూస్తే ఒక్క బొట్టు తక్కువ. అత్తమ్మ స్టిక్కర్లు పెట్టదు, కుంకుమే. నాకు స్టిక్కరు పెడితే నుదురంతా దురద. రెండు తాళంచెవులూ నా సంచీలోనే ఉంటాయి. రఘును అడిగితే అలిగి సగం రోజు మాట్లాడలేదు.

దెయ్యాలు లేవని నేను ఇప్పటికీ పిల్లలకు చెప్తాను. నోటుబుక్కు మాత్రం అక్కడితో ఆపేశాను. ఐదింటికి చెప్పుల దుకాణం ముందు బండి కాస్త నెమ్మది చేస్తాను. మోత మొదలవ్వగానే చెయ్యి చాచి బెల్టు లాగి, సీటు వెనక నుంచి తిప్పి పెడతాను. అట్లా పెడితే చీర నలగదు.