ఏడో కాలువ

ఆ చిత్తడి అడవిలో వచ్చినవాళ్లకు పిట్టల్ని చూపించే ఆడమనిషి ఆమె ఒక్కతే. ముప్పై ఏళ్లుగా గడకర్రతో పడవ తోస్తోంది. నీళ్లు ఆమె మడమల్లో పగుళ్లుగా, కళ్లలో మెరుపుగా నిలిచిపోయాయి. నోరు మాత్రం ముళ్లకంప. అందరూ 'నీటికోడి' అనేవారు, అదీ చాటుగా.

మరిదిదీ అదే పని. సెల్‌ఫోన్లో కూత వినిపించి పిట్టల్ని మోసం చేసి రప్పిస్తాడు. ఇద్దరూ ఉప్పూ నిప్పూ.

ఓ సాయంత్రం టికెట్ గదిలో అందరి ముందూ నవ్వాడు. "వదినకి చూపు మందగించింది. నిన్న తుంగని చూపించి కొంగంది!"

"నీ కళ్లు కాకులు పొడవా! రెల్లుకొంగ గూడే చూశాన్రా నేను. మీలో ఎవడైనా చూశాడా?"

"అయితే పుస్తకంలో రాయి, చూద్దాం."

ఏ పిట్ట ఏ కాలువలో కనబడిందో గోడకు వేలాడే ఆ పుస్తకంలో రాస్తారు. గూడు మాత్రం ఎవరూ రాయరు. రాస్తే జనం ఎగబడతారు, తల్లి గుడ్లొదిలేసి పోతుంది. ఆ సంగతి కొత్తవాళ్లకు నేర్పింది ఆమే. అయినా ఆ పూట కలం పట్టింది కోపం: 'ఏడో కాలువ. గూడు. నాలుగు గుడ్లు.'

తెల్లారేసరికి ఏడో కాలువ మొదట్లో ఐదు పడవలు, వాటినిండా కెమెరాలు. ముందు మరిది. అప్పటికే ఆమె తన పడవని అడ్డంగా తిప్పి, గడకర్ర బురదలోకి దించి నిలబడింది.

"తప్పుకో వదినా."

"అక్కడేం లేదు."

"రాశావుగా!"

లేని పిట్టని ఆమె ఏనాడూ ఉందనలేదు. ఆ మాట నిలకడే ఆమె ఆస్తి.

"అబద్ధం రాశాను," అంది. "నీ మీద కచ్చతో."

పడవలన్నీ గొల్లున నవ్వాయి. "మెడలో ఆ గైడు కార్డు ఇటిచ్చెయ్ ఇక," అన్నాడు రెండో పడవలోంచి టికెట్ గది గుమాస్తా. తెంపి అతని ఒళ్లోకి విసిరింది.

అంతలో వెనక రెల్లులోంచి, ఖాళీ కుండలో ఎవరో ఊదినట్టు, కొంగ గొంతు విప్పింది. మరిది చెవి రిక్కించాడు.

"ఏం వింటావురా, సన్నాసీ!" గొంతు చించుకుంది ఆమె. "అన్న కూడు తిని బలిసి, వదిన కంచంలో మట్టి కొట్టినవాడా!"

"నన్నంటావా, అబద్ధాలకోరు ముసలీ!" అతనూ లంకించుకున్నాడు.

ఆమె ఊపిరికి కూడా సందివ్వలేదు. కెమెరాలవాళ్లు మొహాలు చిట్లించుకున్నారు. ఒక్కో పడవా వెనుదిరిగింది. మరిది మలుపు దాటాక కూడా ఆమె తిడుతూనే ఉంది, ఖాళీ నీళ్లని.