రూతమ్మ గారు వద్దన్న గొంతు

మట్టికి ఊపిరి ఊది మనిషిని చేసి, ఆ ఊపిరిని వెనక్కి తీసుకునే అధికారం తన చేతిలోనే ఉంచుకున్న తండ్రికి స్తోత్రం. ఆయన పేరు ముందు చెప్పకుండా ఈ సంగతి రాసే ధైర్యం నాకు లేదు.

అది మొన్నటి మిరపకోతల కాలం. గుంటూరులో నాకు చిన్న రికార్డింగ్ స్టూడియో ఉంది. క్రైస్తవ గీతాలు, సభల్లో ప్రసంగాలు రికార్డు చేసి శుభ్రం చేయడం చాలా ఏళ్లుగా నా పని. ఈ మధ్య వాయిస్ క్లోన్ అనేది వచ్చింది. ఒక మనిషి పాత రికార్డింగులు కంప్యూటర్‌కి ఇస్తే అది ఆ గొంతు నేర్చుకుంటుంది. తర్వాత మనం ఏది టైప్ చేస్తే అది ఆ గొంతుతోనే పలుకుతుంది. ఆ మనిషి ఉన్నా సరే, పోయినా సరే.

సామ్యూల్ నా దగ్గరికి వచ్చింది అందుకే. వాళ్లమ్మ రూతమ్మ గారు సత్తెనపల్లి దగ్గర ఒక పల్లెలో బైబిలు స్త్రీ. అంటే ఇల్లిల్లూ తిరిగి వాక్యం చెప్పి ప్రార్థన చేసే సేవకురాలు. పొద్దున్నే కోతలకు ఆటో ఎక్కే ఆడవాళ్లు ఆవిడకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి, ఆటో అంతా కలిసి ప్రార్థన చేయించుకునేవాళ్లు. అలాంటి మనిషికి ఊపిరితిత్తుల్లో కేన్సర్. ఇంటికి తీసుకెళ్లమని డాక్టర్లు చెప్పేశారు.

"అమ్మ పోయినా అమ్మ ప్రార్థన ఆగకూడదన్నా. ఎవరు ఫోన్ చేసి కష్టం చెప్పినా, వాళ్ల పేరు పెట్టి అమ్మ గొంతే ప్రార్థించాలి. అమ్మ ఇంక ఎప్పటికీ ఉండిపోవాలి" అన్నాడు సామ్యూల్.

సినిమా కథల్లో ఉండే సంగతి నా చేతుల మీదుగా జరగబోతోందని పొంగిపోయాను. పైగా అది దేవుని సేవే అనుకున్నాను. ఆవిడ పాత రికార్డింగులకు నాయిస్ రిడక్షన్ చేశాను, అంటే గొంతు తప్ప మిగతా చప్పుళ్లన్నీ తీసేయడం. ఫ్యాను, కోళ్లు, దగ్గు, మాటకూ మాటకూ మధ్య ఆవిడ పీల్చుకున్న ఊపిరి, అన్నీ తీసేశాను. ఆవిడను ఒక మాట అడగాలని మా ఇద్దరికీ తోచలేదు.

పని అయ్యాక వినిపించడానికి లాప్‌టాప్, స్పీకర్లు పట్టుకుని వాళ్ల ఇంటికి వెళ్లాను. రూతమ్మ గారు మంచం మీద దిండ్లకు ఆనుకుని ఉన్నారు. మరియమ్మ అనే కూలీ మనిషి చేలో నుంచి నేరుగా వచ్చి గుమ్మం దగ్గర కూర్చుంది. తన చంటిబిడ్డకు గుండెలో రంధ్రం, ఆపరేషన్ చేయాలన్నారట. సమయానికి దొరికింది అనుకున్నాను. ప్రభువు నన్ను క్షమించుగాక, సరిగ్గా ఆ మాటే అనుకున్నాను. బిడ్డ పేరు అడిగి, నాలుగు వాక్యాల ప్రార్థన టైప్ చేసి ప్లే నొక్కాను.

రూతమ్మ గారి ఆరోగ్యం బాగున్న రోజుల నాటి గొంతు గదంతా నిండింది. మరియమ్మ చటుక్కున కొంగు నెత్తిన కప్పుకుని కళ్లు మూసుకుంది. వెక్కి వెక్కి ఏడ్చింది. మిరపకాయలు కోసిన చేతులు కంటికి తగిలితే మండుతుందని, కళ్లు భుజానికి తుడుచుకుంది. చివర్న గట్టిగా "ఆమేన్" అంది. అంతసేపూ నేను స్క్రీన్ మీద సౌండ్ లెవెల్ చూసుకుంటున్నాను.

"ఏమే మరియా, ఎవరి ప్రార్థనకే ఆమేన్ అన్నావు?" అని అడిగారు రూతమ్మ గారు.

"మీదేగా అమ్మగారూ."

"నేను నోరే తెరవలేదు గదే!" అని నా వైపు తిరిగారు. "నువ్వు చేశావా నాయనా?"

"లేదండి. నేను టైప్ చేశానంతే."

"పోనీ, పసిబిడ్డకి అట్టా ఉందని ఆ పెట్టెకేమన్నా బాధేసిందా?"

నేను స్పీకర్లు ఆపేశాను.

"ఎవరికీ బాధెయ్యకపోతే ఈ పిల్లనెందుకు ఏడిపించారయ్యా?"

సామ్యూల్ ఆవిడ కాళ్ల దగ్గర కూర్చున్నాడు. "నువ్వు పోతే వీళ్లంతా ఎవరికి ఫోన్ చేస్తారమ్మా?"

"ఒకళ్లకొకళ్లు చేసుకుంటారు. నేను పుట్టకముందు దేవుడికి చెవుల్లేవంట్రా?" ఆయాసపడుతూనే నవ్వారు. "ప్రభువు దగ్గరికి పోతన్నానని వచ్చినోళ్లందరికీ సంబరంగా చెప్పుకుంటన్నా. నువ్వేమో సగం ఇక్కడే కట్టేస్తానంటివి. పోనీరా నన్ను. మొత్తం పోనీ."

తర్వాత మరియమ్మను దగ్గరికి పిలిచి తల మీద చెయ్యి పెట్టి ప్రార్థించారు. ఊపిరి అందలేదు. దగ్గు తెర మాటల్ని మింగేసింది. బిడ్డ పేరు మరిచిపోయి, "ఏం పేరే?" అని అడిగి మళ్లీ మొదలుపెట్టారు. నా వృత్తి లెక్కలో అది పనికిరాని రికార్డింగు. మిగిలిన కాస్త ఊపిరినీ ఆవిడ ఆ బిడ్డ కోసం ఖర్చు చేస్తున్నారని మాత్రం నాకు అర్థమైంది. నేను నాయిస్ అని తీసి పారేసింది దాన్నే. తలెత్తలేకపోయాను. అక్కడే, ఆవిడ చూస్తుండగానే అంతా డిలీట్ చేశాను. సామ్యూల్ అడ్డు చెప్పలేదు.

కొద్ది రోజులకే ఆవిడ ప్రభువులో నిద్రించారు. సమాధి కార్యక్రమం అయిన కొన్నాళ్లకు మరియమ్మ ఫోన్ చేసింది.

"అన్నా, రేపు బిడ్డకి ఆపరేషన్. అమ్మగారి గొంతు ఒక్కసారి పెట్టన్నా."

"అది తీసేశానమ్మా."

"అయితే నువ్వే చెయ్యన్నా" అంది.

సంఘంలో మైకు పట్టుకుని ఎన్నోసార్లు ప్రార్థించినవాణ్ణి. ఆ రోజు "ప్రభువా" అని మొదలుపెట్టి బిడ్డ పేరు దగ్గరే ఆగిపోయాను. చివరికి, "బిడ్డ పేరేంటమ్మా?" అని అడిగాను.

"ఆ రోజు నువ్వే టైపు కొట్టావు గదన్నా."

ఆ సిగ్గుతోనే, తడబడుతూనే ప్రార్థించాను. ఎదుటివాళ్ల బాధకు నా ఊపిరి ఇవ్వకుండా చేసేది ప్రార్థన కాదని నాకు నేర్పింది ఆ ఫోనే.

బిడ్డ పేరు కెజియ. ఆపరేషన్ అయింది, ఇంకా కోలుకోవాలి. ఇది చదువుతున్న మీరు కాస్త ఆగి, నాతో కలిసి, మీ నోటితో ఆ పేరు పలికి దేవుణ్ణి అడగండి.